వీపీఎన్ ఆన్ చేస్తే ఫోనులో మెయిల్స్ వస్తున్నాయి, వెళ్లడం లేదు

పద్దుల పుస్తకం
అందరికీ నమస్కారం. గుంటూరులో చిన్న పన్నుల సలహా కార్యాలయం నడుపుతున్నాను. మా సొంత డొమైన్ పేరు మీదే మెయిల్ ఉంది, ఒక హోస్టింగ్ సంస్థ దగ్గర తీసుకున్నది. ఆండ్రాయిడ్ ఫోనులోని జీమెయిల్ యాప్‌లోనే ఈ ఖాతాను కూడా కలిపి వాడుతున్నాను. క్లయింట్ల దుకాణాల్లో, రైల్వే స్టేషన్లలో వైఫై వాడాల్సి వస్తుంది కాబట్టి డబ్బు కట్టి ఒక వీపీఎన్ (ఫోను నుంచి వెళ్లేదంతా గుప్తంగా తన సర్వర్ మీదుగా పంపే సేవ) తీసుకున్నాను. అది ఆన్‌లో ఉన్నప్పుడు మెయిల్స్ ఠంచనుగా వస్తాయి. నేను పంపినవి మాత్రం అవుట్‌బాక్సులోనే ఉండిపోతాయి. వీపీఎన్ ఆపిన మరుక్షణం వెళ్లిపోతాయి. రిటర్నులకు జూలై 31 గడువు ముంచుకొస్తోంది. క్లయింట్ల పాన్ నంబర్లు, ఫారం 16లు ఉన్న మెయిల్స్‌ను ఎవరిదో వైఫైలో వీపీఎన్ లేకుండా పంపడానికి మనసొప్పడం లేదు. ఎక్కడ చూడాలి?

వరంగల్ వైర్‌లెస్
అవుట్‌గోయింగ్ సర్వర్ పోర్టు (సర్వర్ ద్వారం నంబరు) ఎంత ఉందో చూసి చెప్పండి. 25 అని ఉంటే కారణం దొరికినట్టే.

పద్దుల పుస్తకం
చూశానండి. ఇన్‌కమింగ్ 993, అవుట్‌గోయింగ్ 25. భద్రత రకం అన్నచోట ఇన్‌కమింగ్‌కు ఎస్‌ఎస్‌ఎల్ అని, అవుట్‌గోయింగ్‌కు ఏదీ లేదు అని ఉంది. హోస్టింగ్ వాళ్ల మనిషి మొదట్లో పెట్టి ఇచ్చిన సెట్టింగులు ఇవి.

మెయిల్ గుమస్తా
మేడం, వైర్‌లెస్ గారి అంచనా సరైనదే. నేను ఒక విద్యాసంస్థలో మెయిల్ సర్వర్లు చూసుకుంటాను. కారణం తెలిస్తే రేపు మరో ఇబ్బంది వచ్చినా మీరే పట్టుకోగలరు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మెయిల్ రావడం, వెళ్లడం ఒకే యాప్‌లో కనిపించినా లోపల అవి రెండు వేర్వేరు పనులు. రావడానికి ఐమ్యాప్ పద్ధతి, 993 పోర్టు. మీ పెట్టెలోని ఉత్తరాలు మీరు చదువుకుంటే బయటివారికి నష్టమేమీ లేదు కనుక దాన్ని ఎవరూ మూయరు. వెళ్లడానికి ఎస్‌ఎంటీపీ పద్ధతి. 1982లో దాన్ని నిర్వచించినప్పటి నుంచి మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకునేది 25 మీదే. అక్కడ ఖాతా, పాస్‌వర్డు ఏమీ లేకుండా ఎవరి సర్వర్‌కైనా నేరుగా ఉత్తరం అప్పగించవచ్చు. స్పామ్ పంపేవాళ్లకు కావలసింది సరిగ్గా ఇదే. ఒక వీపీఎన్ సర్వర్ ఐపీ చిరునామాను (నెట్‌లో దాన్ని గుర్తించే సంఖ్యను) ఒకే సమయంలో ఎందరో పంచుకుంటారు. వాళ్లలో ఒక్కడు స్పామ్ కుమ్మరించినా మొత్తం చిరునామాకు చెడ్డపేరు వస్తుంది. అందుకే వీపీఎన్ సంస్థలు చాలావరకు 25ను మూసేస్తాయి. కొన్ని మరింత కఠినంగా ఉండి మెయిల్ పంపే మిగతా పోర్టులను కూడా ఆపుతాయి.

వాడుకరి తన ఫోను నుంచి తన సర్వర్‌కు ఉత్తరం అప్పగించడానికి వేరే ద్వారం ఉంది. 1998లోనే 587ను ఆ పనికి కేటాయించారు. ఇప్పుడు అక్కడ లాగిన్ తప్పనిసరి. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8314 అనే ప్రమాణ పత్రం, మొదటి క్షణం నుంచే టీఎల్‌ఎస్‌తో (దారిలో ఎవరూ చదవకుండా కాపాడే గుప్తీకరణ, ఎస్‌ఎస్‌ఎల్‌కు కొత్త రూపం) మాట్లాడే 465 ఇంకా మేలని చెప్పింది. మీ హోస్టింగ్‌లో ఈ రెండిటిలో ఒకటైనా తప్పకుండా ఉంటుంది.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ పోర్టు కాదు, దాని పక్కనున్న “ఏదీ లేదు”. వీపీఎన్ మీ ఫోను నుంచి వీపీఎన్ సర్వర్ దాకా మాత్రమే సొరంగం వేస్తుంది. అక్కడి నుంచి మీ హోస్టింగ్ సర్వర్ దాకా మెయిల్ మామూలు రోడ్డు మీదే ప్రయాణిస్తుంది. టీఎల్‌ఎస్ లేకపోతే ఆ దారిలో మీ పాస్‌వర్డు, మీ క్లయింట్ల వివరాలు దాదాపు తెరిచిన కవరులోనే వెళ్తాయి. ఒకవేళ మీ వీపీఎన్ 25ను వదిలేసి ఉంటే, పని జరుగుతోంది కదా అని మీరు ఇంకా అలాగే పంపుతూ ఉండేవారు. ముందు దీన్ని మార్చండి. 587 పెడితే భద్రత రకం స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మామూలుగా మొదలై టీఎల్‌ఎస్‌కు మారేది), 465 పెడితే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్. ఈ జతలు తారుమారైతే ఏమీ పనిచేయదు. “సైన్ ఇన్ అవసరం” అన్నది టిక్ చేసి ఉండాలి.

రిటైర్డ్ మాస్టారు
నా సందేహం చిన్నది. నా ఫోనులో మామూలు జీమెయిల్ ఖాతా ఉంది. మా అబ్బాయి వీపీఎన్ పెట్టి ఇచ్చాడు. నాకు పంపడంలో ఏ ఇబ్బందీ రాలేదు. అదే యాప్ కదా, మేడం గారికి ఎందుకు వస్తోంది?

వరంగల్ వైర్‌లెస్
మాస్టారూ, యాప్ ఒకటే, దారి వేరు. జీమెయిల్ యాప్‌లో గూగుల్ ఖాతా ఉంటే అది ఎస్‌ఎంటీపీ జోలికే వెళ్లదు. వెబ్‌సైట్లు తెరుచుకునే 443 పోర్టు మీదుగానే గూగుల్‌తో మాట్లాడుతుంది. దాన్ని మూస్తే వీపీఎన్‌లో ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు కాబట్టి ఎవరూ మూయరు. అదే యాప్‌లో బయటి ఖాతాను కలిపినప్పుడు మాత్రం ఫోను నేరుగా ఆ సర్వర్ ఎస్‌ఎంటీపీ పోర్టుకు వెళ్లాలి. బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి పంపితే ఎవరికైనా వెళ్లిపోయేది కూడా ఇందుకే.

పద్దుల పుస్తకం
587, స్టార్ట్‌టీఎల్‌ఎస్ పెట్టాను. ఇప్పుడు వేరే మాట వస్తోంది. సర్టిఫికెట్ చెల్లదట, సర్వర్ పేరుతో సరిపోవడం లేదట. వీపీఎన్ ఉన్నా లేకున్నా అదే మాట.

సాగర తీరం
అదే జాబితాలో స్టార్ట్‌టీఎల్‌ఎస్ కిందనే “అన్ని సర్టిఫికెట్లను అంగీకరించు” అని మరో ఎంపిక ఉంటుంది చూడండి. అది పెడితే వెంటనే వెళ్తుంది. మా షాపులో అందరి ఫోన్లలో అలాగే పెట్టాం, ఏ సమస్యా లేదు.

మెయిల్ గుమస్తా
సాగర తీరం గారూ, మీరు సాయం చేయాలనే చెప్పారు, కానీ దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. సర్టిఫికెట్ పని ఒక్కటే: అవతల ఉన్నది నిజంగా మీ సర్వరే అని నిరూపించడం. అన్నిటినీ అంగీకరించమని ఫోనుకు చెబితే, రైల్వే స్టేషన్ వైఫైలో మధ్యలో దూరినవాడు తన సొంత సర్టిఫికెట్ చూపించినా ఫోను తల ఊపి పాస్‌వర్డు చేతిలో పెడుతుంది. మేడం ఏ భయంతో వీపీఎన్ కొన్నారో ఆ ప్రమాదానికే మనం తలుపు తీసినట్టవుతుంది. మీ షాపు ఫోన్లలో కూడా ఈ రోజే మార్చండి.

మేడం, ఇది చాలా మామూలుగా వచ్చే చిక్కు. ఒకే హోస్టింగ్ సర్వర్ మీద వందల డొమైన్లు ఉంటాయి. అవుట్‌గోయింగ్ సర్వర్ దగ్గర “మెయిల్, చుక్క, మీ డొమైన్” అని రాసి ఉంటుంది. సర్టిఫికెట్ మాత్రం హోస్టింగ్ సంస్థ సర్వర్ అసలు పేరు మీద ఉండవచ్చు. మీ హోస్టింగ్ ఖాతాలోకి వెళ్లి మెయిల్ సెట్టింగుల పేజీ తెరిస్తే సురక్షితమైన సెట్టింగులు అంటూ ఆ సర్వర్ పేరు, పోర్టులు కనిపిస్తాయి. ఆ పేరునే అవుట్‌గోయింగ్ దగ్గర పెట్టండి. మీ మెయిల్ చిరునామాలో తేడా ఏమీ రాదు.

సాగర తీరం
ఇంత లోతు ఉందని తెలియదు గుమస్తా గారూ. మాకు కూడా సర్వర్ పేరే మార్చి చూస్తాను.

షార్జా తెలుగు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాది ఐఫోను. జగిత్యాలలో ఉన్న అక్కకు కాగితాలు పంపాలి. వీపీఎన్ ఆన్‌లో ఉంటే పాస్‌వర్డు తప్పు అంటోంది, ఆపితే అదే పాస్‌వర్డుతో వెళ్తోంది. పోర్టు 587 ఉంది. ఇది వేరే జబ్బా?

డాలస్ దారి
వేరేదే తమ్ముడూ. కనెక్షన్ కుదరకపోతే అది పోర్టు సమస్య. సర్వర్ దాకా వెళ్లి “పాస్‌వర్డు తప్పు” అని తిరిగొస్తే, అంటే 535 లేదా 534 సంఖ్యతో వస్తే, దారి బాగానే ఉంది, సర్వరే నిన్ను నమ్మడం లేదు. పొద్దున షార్జా చిరునామా నుంచి, మధ్యాహ్నం నెదర్లాండ్స్ నుంచి, సాయంత్రం సింగపూర్ నుంచి లాగిన్ అయితే ఖాతా ఎవరో దొంగిలించారని మెయిల్ సంస్థ అనుమానించడం సహజం. వీపీఎన్‌లో “దగ్గరి సర్వర్” అని యాప్‌కు వదిలేయకుండా ఒకే దేశం, వీలైతే ఒకే నగరం ఎంచుకుని అక్కడే ఉండు. ఆ వీపీఎన్ ఆన్‌లో ఉండగానే బ్రౌజర్‌లో మెయిల్ తెరువు. “ఇది మీరేనా” అని అడిగితే అవునని చెప్పు.

భారత్ అని రాసి ఉన్న సర్వర్ ఎంచుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 2022 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల్లో, వాడుకరుల వివరాలను వీపీఎన్ సంస్థలు 5 ఏళ్లపాటు భద్రపరచాలని ఉంది. దాంతో ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్ లాంటి పెద్ద సంస్థలు భారత్‌లోని సర్వర్లను తీసేశాయి. ఇప్పుడు అలాంటి చోట్ల భారత్ అని కనిపించేది చాలావరకు వేరే దేశంలో కూర్చున్న సర్వరే. ఒక మెయిల్ సంస్థ దాన్ని భారత్‌గా చూస్తే, ఇంకొకటి సింగపూర్‌గా చూడవచ్చు.

వరంగల్ వైర్‌లెస్
షార్జా అన్నా, ఇంకొకటి. ఖాతా ఎలా కలిపావు? “ఇతర ఖాతా” అని ఎంచుకుని పాస్‌వర్డు టైపు చేశావా, గూగుల్ లేదా అవుట్‌లుక్ అని ఎంచుకున్నావా? వ్యక్తిగత ఖాతాలకు మామూలు పాస్‌వర్డుతో బయటి యాప్‌లను అనుమతించడం గూగుల్ 2022 మే 30 నుంచి ఆపడం మొదలుపెట్టింది. అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు 2024 సెప్టెంబరు 16తో ఆగింది. ఖాతా తీసేసి, ఆ సంస్థ బొమ్మను నొక్కి, వాళ్ల లాగిన్ పేజీ ద్వారా మళ్లీ కలిపితే పాస్‌వర్డుకు బదులు ఆ సంస్థ ఇచ్చే లాగిన్ టోకెన్‌తో నడుస్తుంది. దేశం మారినప్పుడల్లా గొడవ కూడా తగ్గుతుంది. అది కుదరని యాప్ అయితే, గూగుల్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నాక 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు (అలాంటి యాప్ కోసమే విడిగా ఇచ్చేది) తీసుకోవచ్చు.

షార్జా తెలుగు
“ఇతర ఖాతా” కిందే పెట్టాను. నాది యాప్ పాస్‌వర్డే. అందుకే వీపీఎన్ లేకుండా వెళ్తోంది కాబోలు. డాలస్ అన్న చెప్పిన దేశాల తిరుగుడు మాత్రం నిజం. యాప్ తనకు తోచిన దేశం పెడుతోంది.

అమలాపురం అన్నయ్య
షార్జా తమ్ముడూ, అన్నగా ఒక మాట. అక్కడ వీపీఎన్ వాడకం విషయంలో జాగ్రత్తగా ఉండు. 2021 నాటి యూఏఈ సైబర్ నేరాల చట్టంలో, నేరం చేయడానికో దాన్ని దాచడానికో ఐపీ చిరునామాను మరుగుపరిస్తే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉంది. ఇంటికి వీడియో కాల్ చేసుకోవడానికి మనవాళ్లు ఎవరు ఏ వీపీఎన్ చెబితే అది దింపుకుంటారు. ఉచితంగా వచ్చేది అయితే అసలే వద్దు. మెయిల్‌కు టీఎల్‌ఎస్ ఎలాగూ ఉంది, కాగితాలు వీపీఎన్ ఆపేసి పంపు.

షార్జా తెలుగు
అర్థమైందన్నా. మెయిల్‌కు ఇక వీపీఎన్ పెట్టను.

పద్దుల పుస్తకం
మెయిల్ గుమస్తా గారూ, హోస్టింగ్ ఖాతాలో ఉన్న సర్వర్ పేరు పెట్టగానే సర్టిఫికెట్ గొడవ పోయింది. వీపీఎన్ ఆన్‌లోనే మెయిల్ వెళ్లింది! చాలా సంతోషంగా ఉంది. అయితే ఇది ముంబై అని రాసి ఉన్న సర్వర్‌తో. ఇంకో సర్వర్‌కు మారితే 554 అని, ఏదో నిరోధ జాబితాలో నా చిరునామా ఉందని తిరిగొచ్చింది. నా చిరునామా అలాంటి జాబితాలోకి ఎందుకు ఎక్కుతుంది?

మెయిల్ గుమస్తా
ఆ చిరునామా మీది కాదు మేడం, వీపీఎన్‌ది. స్పామ్‌హాస్ లాంటి సంస్థలు స్పామ్ వచ్చే చిరునామాల జాబితాలు నడుపుతాయి. వాటిలో పీబీఎల్ అనే జాబితా ఉంది. నేరుగా సర్వర్లకు మెయిల్ అప్పగించే పని లేని చిరునామాలు, అంటే ఇళ్లలోని కనెక్షన్ల లాంటివి అందులో ఉంటాయి. అందులో ఉండటం నేరం కాదు. పాస్‌వర్డుతో లాగిన్ అయిన సొంత వాడుకరి మీద ఆ జాబితాను ప్రయోగించకూడదని స్పామ్‌హాసే చెబుతుంది. మీ హోస్టింగ్ సర్వర్ లాగిన్ చూడకముందే జాబితా చూసి తలుపు మూస్తోంది. తప్పు వాళ్ల అమరికలో ఉంది. తిరిగొచ్చిన 554 సందేశం పూర్తి పాఠాన్ని వాళ్లకు పంపి, లాగిన్ అయినవారికి ఈ తనిఖీ మినహాయించమని అడగండి. “మెయిల్ వెళ్లడం లేదు” అని మాత్రమే రాస్తే “మా వైపు అంతా బాగుంది” అని జవాబు వస్తుంది. సందేశం అక్షరం అక్షరం పంపితే తప్పించుకోలేరు.

మరొక రూపం కూడా చూశాను. ఆ వీపీఎన్ చిరునామా నుంచే ఇంకెవరో పాస్‌వర్డులు ఊహించి కొడుతుంటే సర్వర్ రక్షణ గోడ ఆ చిరునామాను కాసేపు పూర్తిగా మూసేస్తుంది. అప్పుడు మెయిల్ రావడం కూడా ఆగిపోతుంది. రావడం, వెళ్లడం రెండూ ఒకేసారి ఆగితే ముందు దాన్నే అనుమానించాలి.

కావేరి ఒడ్డు
బెంగళూరు నుంచి. ఈ బాధలన్నీ వద్దని క్లౌడ్‌లో చిన్న సర్వర్ తీసుకుని సొంతంగా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. చిరునామా నాది ఒక్కడిదే. అయినా పోర్టు సమస్య వచ్చింది. మా క్లౌడ్ సంస్థ 25, 465, 587 మూడూ మూసి ఉంచింది. చివరికి నా మెయిల్ సంస్థ 2525 కూడా ఇస్తుందని తెలిసి అది పెట్టాను, వెళ్తోంది.

వరంగల్ వైర్‌లెస్
2525 అధికారికంగా కేటాయించినది కాదు కానీ చాలా మెయిల్ పంపే సేవలు ఇస్తాయి, మూసేవారు తక్కువ. స్టార్ట్‌టీఎల్‌ఎస్ తప్పక పెట్టుకోండి. క్లౌడ్ సంస్థల్లో కూడా తేడాలున్నాయి. గూగుల్ క్లౌడ్‌లో 25కే అడ్డు, 465, 587 తెరిచే ఉంటాయి. సర్వర్ కొనే ముందే చదువుకోవడం మంచిది.

పద్దుల పుస్తకం
ఇంకొక్క చిక్కు మిగిలింది. మామూలు మెయిల్ వెళ్తోంది. పీడీఎఫ్ జోడిస్తే మాత్రం సగంలో ఆగిపోతోంది. ఫైలు 2 ఎంబీ కూడా లేదు. సెల్ డేటాలోనే ఇలా, ఆఫీసు వైఫైలో వెళ్తోంది.

కావేరి ఒడ్డు
ఇది నాకు బాగా తెలిసిన జబ్బు. ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ పరిమాణానికి ఉన్న పరిమితి. నెట్‌వర్కులో సమాచారం ప్యాకెట్లుగా వెళ్తుంది, మామూలుగా ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం 1500 బైట్లు. వీపీఎన్ ప్రతి ప్యాకెట్ మీద తన సొంత పొర వేస్తుంది. వైర్‌గార్డ్ అయితే 80 బైట్ల దాకా. అందుకే దాని మామూలు ఎంటీయూ 1420. మీ సెల్ నెట్‌వర్కు దారిలో పరిమితి ఇంకా తక్కువగా ఉంటే పెద్ద ప్యాకెట్లు దారిలో పడిపోతాయి. “పట్టడం లేదు, చిన్నవి పంపు” అని తిరిగి రావలసిన కబురును ఎవరో మధ్యలో అడ్డగిస్తే ఫోనుకు సంగతే తెలియదు, అవే పెద్ద ప్యాకెట్లు మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. లాగిన్, చిన్న మెయిల్ అయితే చిన్న ప్యాకెట్లలోనే సరిపోతాయి. మీ వీపీఎన్ యాప్ అధునాతన సెట్టింగుల్లో ఎంటీయూ ఉంటే 1280 పెట్టండి. లేకపోతే ప్రోటోకాల్‌ను (వీపీఎన్ సొరంగం వేసే పద్ధతిని) మార్చి చూడండి.

మెయిల్ గుమస్తా
పెద్ద ఫైళ్లు పంపేవారికి చిన్న మాట: జోడింపులను మెయిల్ కోసం అక్షరాలుగా మార్చినప్పుడు పరిమాణం సుమారు మూడో వంతు పెరుగుతుంది. 25 ఎంబీ పరిమితి అంటే అసలు ఫైలు 18 దాటకుండా చూసుకోవాలి. మేడం సమస్య మాత్రం అది కాదు, ఎంటీయూనే.

పద్దుల పుస్తకం
మా యాప్‌లో ఎంటీయూ లేదు. ప్రోటోకాల్ మారిస్తే పీడీఎఫ్ వెళ్లింది.

వరంగల్ వైర్‌లెస్
బాగుంది. మళ్లీ ఎప్పుడైనా మొండికేస్తే ఇంకో దారి ఉంది. ఆండ్రాయిడ్‌లో వీపీఎన్ యాప్ సెట్టింగుల్లో “స్ప్లిట్ టనెలింగ్” ఉంటుంది. మెయిల్ యాప్‌ను మాత్రమే సొరంగం బయట పెట్టవచ్చు. మీ అవుట్‌గోయింగ్‌కు ఇప్పుడు టీఎల్‌ఎస్, సరైన సర్టిఫికెట్ రెండూ ఉన్నాయి కాబట్టి వైఫై నడిపేవాడికి మీరు ఏ సర్వర్‌తో మాట్లాడుతున్నారో తెలుస్తుంది తప్ప లోపలి విషయం తెలియదు. ఒకటి గుర్తుంచుకోండి: ఫోను సెట్టింగుల్లో “వీపీఎన్ లేని కనెక్షన్లను అడ్డుకో” ఆన్‌లో ఉంటే బయట పెట్టిన యాప్‌కు నెట్ అసలే దొరకదు. ఐఫోనులో ఈ సౌకర్యం మామూలు వీపీఎన్ యాప్‌లకు ఉండదు. కంపెనీ నిర్వహించే ఫోన్లలోనే యాప్ వారీ వీపీఎన్ కుదురుతుంది.

సాగర తీరం
మా షాపులో ఒక ఐఫోనులో అవుట్‌లుక్ యాప్ పెడితే వీపీఎన్ ఉన్నా వెళ్తోంది. ఇందులో ప్రమాదం ఏమైనా ఉందా గుమస్తా గారూ?

మెయిల్ గుమస్తా
ఆ యాప్ మీ ఐమ్యాప్ ఖాతాను మైక్రోసాఫ్ట్ క్లౌడ్ ద్వారా నడుపుతుంది. ఫోను మాట్లాడేది మైక్రోసాఫ్ట్‌తో, మీ సర్వర్‌తో మాట్లాడేది మైక్రోసాఫ్ట్ యంత్రాలు. అందుకే వీపీఎన్ అడ్డు తగలదు. బదులుగా మీ మెయిల్, దాని లాగిన్ వాళ్ల దగ్గరకు చేరతాయి. మీ వ్యాపారానికి అది సమ్మతమైతే వాడుకోవచ్చు. ఇతరుల పన్ను వివరాలు చూసే మేడం లాంటివారికి నేను సూచించను.

పద్దుల పుస్తకం
అన్నీ కుదిరాయి. హోస్టింగ్ వాళ్లు కూడా 554 సందేశం చూసి తమ వైపు సరిచేస్తామన్నారు. ఒక క్లయింట్ మాత్రం ఈ రోజు ఫోన్ చేసి ఒకే మెయిల్ రెండుసార్లు వచ్చిందన్నారు. నేను పంపింది ఒక్కసారే.

మెయిల్ గుమస్తా
సర్వర్ మెయిల్‌ను తీసుకుని “అందింది” అని చెప్పే క్షణంలో వీపీఎన్ తెగితే ఆ కబురు ఫోనుకు చేరదు. ఫోను వెళ్లలేదనుకుని మళ్లీ పంపుతుంది. 1988లోనే ఆర్‌ఎఫ్‌సీ 1047 ఈ ఒక్క సంగతి మీదే రాశారు. వైఫై నుంచి సెల్ డేటాకు మారే సమయంలో ఎక్కువగా జరుగుతుంది. అవుట్‌బాక్సులో ఆగిన మెయిల్‌ను చేత్తో మళ్లీ పంపే ముందు, వెబ్‌మెయిల్ నుంచి గానీ హోస్టింగ్ ఖాతాలోని మెయిల్ లాగ్ నుంచి గానీ వెళ్లిందో లేదో చూడండి. రెండోసారి వెళ్లిన దాంట్లో ఫైలు ఒకటే కనుక ఆ క్లయింట్‌కు నష్టమేమీ లేదు, ఒకటి తీసేయమని చెప్పండి చాలు.